మందలో లేని మనిషి

ఇంట్లోకి కుక్కను తేవాలంటే ముందు ఇంటి పెద్దను ఒప్పించాలి. ఆ ఇంటికి పెద్ద అనసూయమ్మ. ఆమెను ఒప్పించడం కంటే కుక్క మెదడులోని ఆలోచనను తెర మీదికి తేవడమే తేలికని ఆమె కోడలు డాక్టర్ స్వరూపకు బాగా తెలుసు. ఎందుకంటే ఆ రెండో పని ఆమె అప్పటికే చేసేసింది.

స్వరూపది గొర్రెల కాపరుల ఇల్లు. తండ్రి మంద వెంట నడిచి నడిచి కూతుర్ని చదివించాడు. కూతురు చదివి చదివి మళ్లీ గొర్రెల దగ్గరికే వచ్చింది. సిద్దిపేట పొలిమేరలోని ఒక ప్రయోగశాలలో మంద కాసే కుక్కల మీద పరిశోధన ఆమె ఉద్యోగం. సుదర్శన్‌ను పెళ్లి చేసుకుని ఏడాదిన్నర అయింది. అతను హైస్కూల్లో లెక్కల సారు. మొదటి భార్య జబ్బు చేసి పోయింది. ఆమె కన్న కూతురు మైత్రికి ఇప్పుడు పదకొండేళ్లు.

మైత్రి చెడ్డపిల్ల కాదు, మొండిదీ కాదు. కొత్తగా వచ్చిన మనిషిని ఏమని పిలవాలో తోచక అసలు పిలవడమే మానేసింది, అంతే. ‘అన్నం పెట్టు’ అంటుంది, ‘జడ వెయ్యి’ అంటుంది, ‘ఇక్కడ సంతకం పెట్టు’ అంటుంది. ఆ మాటల ముందు ఉండాల్సిన పిలుపు మాత్రం ఉండదు. స్వరూప పైకి ఏమీ అనదు గాని, రోజూ ఆ ఒక్క పిలుపు కోసం చెవులు రిక్కించుకునే ఉంటుంది.

అలాంటి మైత్రి ఒకరోజు కుక్క కావాలంది. ఇక చూడండి ఆ ఇంటి సందడి! మైత్రికి బొమ్మల్లో చూసిన బొచ్చుకుక్క కావాలి. మన ఎండాకాలంలో దాని గతేమవుతుందో సుదర్శన్ ఆలోచించి, వీధిలోంచి ఒక పిల్లను తెచ్చుకుంటే సరిపోతుందన్నాడు. అనసూయమ్మకు ఏదీ వద్దు. మూడో అంతస్తు ఇంట్లో కుక్క తిరిగితే తాను తిరగనంది. అన్నంలో ఒక్క వెంట్రుక కనిపించిన రోజున కరీంనగర్లో చెల్లెలింటికి పోతానని కూడా చెప్పేసింది. ముగ్గురూ అరిచి అరిచి అలసిపోయి, చివరికి మామూలుగా చేసే పనే చేశారు. స్వరూప వైపు తిరిగారు.

ఏడాదిన్నరలో మైత్రి ఆమెను అడిగిన మొదటి పెద్ద కోరిక ఇది. పైగా ఆ కోరికకు జవాబు ప్రయోగశాల వెనక దొడ్డిలో తోక ఊపుకుంటూ తిరుగుతోంది.

దాని పేరు గొంగడి. కొత్త జాతి. మన కాపరుల వెంట తిరిగే కుక్కలకు, ఎక్కడో చలిదేశంలో పశువుల్ని తోలే పొట్టికాళ్ల కుక్కలకు సంకరం చేసి, కొన్ని తరాలు జాగ్రత్తగా ఎంచి ఎంచి తయారుచేశారు. మోకాలి ఎత్తు కూడా ఉండదు. ఒళ్లంతా నల్లటి ముతక వెంట్రుక, కాపరి భుజం మీది గొంగడికి మల్లే. ఎండకు తట్టుకుంటుంది, సద్ది తింటుంది, మంచం కింద పడుకుంటుంది. ఒళ్లు చిన్నదని బుద్ధి చిన్నది కాదు. ఆ బుద్ధే దాని గొప్ప, దాని ఇబ్బంది కూడా. మంద కాసే కుక్కకు పని ఉండాలి. పని లేకపోతే చెప్పులు కొరుకుతుంది, పిల్లల మడమలు కొరుకుతుంది, ఇంట్లో ఎవరైనా వేరే గదిలోకి పోతే ఊరుకోదు. స్వరూప ఇవన్నీ దాచకుండా చెప్పింది. చెప్పేకొద్దీ అనసూయమ్మ ముఖం ముడుచుకుపోయింది, మైత్రి ముఖం విప్పారిపోయింది.

ఆదివారం నాడు నలుగురూ ప్రయోగశాలకు వెళ్లారు.

అక్కడ జహంగీర్ ఉన్నాడు. యంత్రాల పని అతనిది. కుక్క మెడకు కట్టే పట్టీ ఒకటి తయారుచేశాడు. దాన్ని మైత్రికి చూపించాలని అతనికి ఎంత ఆత్రంగా ఉందంటే, కూర్చోండి అనడం కూడా మరిచిపోయాడు. ఒక గొంగడి కుక్కకు పట్టీ కట్టి, దాని కళ్లకు తువ్వాలు చుట్టాడు. దొడ్డిలో గొర్రెపిల్లలు మేస్తున్నాయి. గోడ మీది తెర నిండా చిన్న చిన్న దీపాలు వెలిగాయి. ఒక్కో గొర్రెపిల్లకు ఒక్కో దీపం. స్వరూప కుక్క పక్కన నిలబడి, ఒక గొర్రెపిల్లను ఎత్తి గోడ అవతలికి పంపించమని జహంగీర్‌కు సైగ చేసింది. కళ్లకు గంతలున్న కుక్క తల కూడా తిప్పలేదు. తెర మీద మాత్రం ఒక దీపం మిగతావాటి నుంచి విడిపోయి, ఎర్రగా మారి, రెపరెపలాడింది.

మైత్రి తెర దగ్గరికి పరుగెత్తి ఆ ఎర్ర దీపాన్ని వేలితో తాకింది. దానికి ఎట్ల తెలిసిందని అడిగింది. మంద కాసే కుక్క తలలో ఎప్పుడూ ఒక పటం ఉంటుందని, ఎవరు ఎక్కడున్నారో అది వాసనతో, చప్పుడుతో లెక్క కట్టుకుంటూనే ఉంటుందని స్వరూప చెప్పింది. ఆ పటాన్నే పట్టీ పట్టుకుంటుంది. కుక్క ఎవరి గురించి కంగారు పడితే వాళ్ల దీపం ఎర్రబడుతుంది. ఈ పటంతోనే ఇంటికి తగిన కుక్కను ఎంచవచ్చని ప్రయోగశాల డైరెక్టర్ సారు ఆలోచన. ఏ కుక్కపిల్ల ఏ కుటుంబాన్ని తన మందగా లెక్కపెట్టుకుంటుందో, అది ఆ ఇంటి కుక్క. మనిషి కుక్కను ఎంచుకోవడం పాత పద్ధతి. ఇక్కడ కుక్కే మనిషిని ఎంచుకుంటుంది.

కుక్కపిల్లల్ని వదిలారు. ఒకటి సుదర్శన్ బూటు లేసు పట్టుకుంది. ఒకటి నిద్రపోయింది. అన్నిటికంటే చిన్నది, చెవులు మాత్రం పెద్దవి, అది దొడ్డి అంతా ఒక చుట్టు చుట్టి, దూరంగా కుర్చీలో ముఖం తిప్పుకుని కూర్చున్న అనసూయమ్మ వెనక్కి వెళ్లి, ఆమె మడమను ముక్కుతో నెట్టడం మొదలుపెట్టింది. ఆమె కాలు జరిపింది. అది మళ్లీ నెట్టింది. ఆమె లేచి నిలబడింది. అట్లా నెట్టి నెట్టి ఆమెను తెచ్చి కొడుకు, మనవరాలి పక్కన నిలబెట్టేదాకా వదల్లేదు.

“గిది కుక్కనా, పందికొక్కా?” అంది అనసూయమ్మ. కాని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ నవ్వింది. ఆ నవ్వుతో ఆ ఇంట్లో కుక్క విషయం తేలిపోయింది.

దానికి మైత్రి మిర్యం అని పేరు పెట్టింది. నల్లగా, గుండ్రంగా, ఘాటుగా ఉందట.

మిర్యం వచ్చిన వారానికే ఇంటి నడక మారిపోయింది. సుదర్శన్ బాల్కనీలో పేపర్ పట్టుకుని గంటలు గంటలు కూర్చోవడం పోయింది. మైత్రి తలుపు మూసుకుని ఫోన్ చూడటం పోయింది. అనసూయమ్మ తన గదిలో ఒక్కతే తినడం కూడా పోయింది. ఎవరు ఎక్కడ ఒంటరిగా కనపడ్డా వచ్చి మడమలు నెట్టేది. అందరూ తిట్టుకుంటూ హాల్లోకి వచ్చేవాళ్లు, వచ్చాక నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వులు వంటింట్లోకి వినపడుతుంటే స్వరూపకు ఒళ్లంతా సంబరంగా ఉండేది. తన చేతులతో చేసిన పని తన ఇంట్లోనే ఇలా పండుతుందని ఆమె అనుకోలేదు.

పరిశోధనకు ఇంటి పటం కూడా కావాలి. డైరెక్టర్ సారు అనుమతితో మరో కుటుంబానికి కూడా కుక్కనిచ్చారు. ఒక సాయంత్రం స్వరూప మిర్యం మెడకు పట్టీ కట్టి, ఫోన్లో తెర తెరిచింది. మైత్రి ఎగిరి గంతేసి పక్కన చేరింది. ఇంత దగ్గరగా వచ్చి కూర్చోవడం అదే మొదటిసారి, భుజం భుజం తాకుతున్నాయి.

తెర మీద దీపాలు వెలిగాయి. మైత్రి దీపం, సుదర్శన్ దీపం, అనసూయమ్మ దీపం. ఇంకొకటి వెలుగుతుందేమోనని ఇద్దరూ చూశారు. పట్టీ సర్ది చూశారు. ఫోన్ ఆపి మళ్లీ పెట్టి చూశారు.

“దీంట్ల నువ్వు లేవు,” అంది మైత్రి.

ఆ పిల్ల గొంతులో వెక్కిరింత లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అందుకే అది మరింత లోతుగా గుచ్చుకుంది. యంత్రంలో ఏదో లోపం ఉండి ఉంటుందని స్వరూప నవ్వేసి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పోయింది. పాలు పొయ్యి మీదే లేవు. గ్యాస్ బండకు ఆనుకుని నిలబడి, ఇదేం పిచ్చి, కుక్క లెక్కపెట్టకపోతే మనిషికి ఏడుపు రావడమేమిటని తనను తానే తిట్టుకుంది. ఏడుపు మాత్రం ఆగలేదు.

మర్నాడు జహంగీర్ ఆ పటాన్ని పరీక్షించాడు. ఇంకో లోపం కూడా కనపడింది. ముగ్గురూ హాల్లో కదలకుండా కూర్చున్నప్పుడు కూడా దీపాలు ఉన్నట్టుండి ఒక పక్కకు జరుగుతున్నాయి. తెర నడుమ కుక్క ఉన్నట్టు లెక్క. మరి మిర్యం మైత్రి ఒళ్లో పడుకున్నప్పుడు మైత్రి దీపం తెర నడుమ ఉండాలి గదా, అంచుకు పోతోంది. దొడ్డిలో ఎన్నడూ ఇలా జరగలేదు. పట్టీ వదులై ఉంటుందన్నాడు జహంగీర్. స్వరూపకు ఆ లోపం మీద ధ్యాస లేదు. తన దీపం ఎందుకు లేదో అతను చెప్తాడేమోనని చూసింది. అతనికీ తెలియదు. రెండో కుటుంబంలో కూడా ఒకరి దీపం లేదని మాత్రం చెప్పాడు.

ఆ రెండో కుటుంబం సత్తయ్యది. బస్టాండు వెనక టిఫిన్ సెంటర్ నడుపుతాడు. తల్లి బాలవ్వ, భార్య, ఇద్దరు పిల్లలు. వాళ్ల కుక్క పేరు సుక్క. దీపం లేనిది బాలవ్వకు.

స్వరూప వెళ్లేసరికే జరగాల్సింది జరిగిపోయింది. కోడలు పరాచికానికి అందట, అత్తమ్మా నువ్వు మందల లేవట అని. పిల్లలు దాన్ని పట్టుకున్నారు. టిఫిన్‌కు వచ్చినవాళ్లు పిల్లల దగ్గర్నుంచి పట్టుకున్నారు. తెల్లవారకముందే లేచి పప్పు రుబ్బి, చట్నీ నూరి, మనవళ్లను బడికి తయారుచేసి, గల్లాపెట్టె తాళం నడుముకు కట్టుకుని తిరిగే మనిషి, ఆ మాట విన్న మూడో రోజున తాళం గూట్లో పెట్టి చిన్నకోడూరులో అక్క ఇంటికి వెళ్లిపోయింది. అప్పటినుంచి సుక్క అన్నం ముట్టడం లేదు. గడపలో పడుకుని చిన్నకోడూరు పోయే దారివైపే చూస్తోంది. దానికి జబ్బు చేసిందని సత్తయ్య అనుకుంటున్నాడు.

స్వరూప చిన్నకోడూరు వెళ్లింది. బాలవ్వ ఆమెను ఏమీ అనలేదు. నీళ్లిచ్చింది, కూర్చోమంది.

“కుక్క గూడ నన్ను లెక్కల పెట్టుకోలే బిడ్డా,” అంది. “దాన్ని నేను ఏమంటి? రోజూ నా చేత్తోనే పెట్టిన.”

అంతకంటే తిట్టినా బాగుండేదని స్వరూపకు అనిపించింది. కుటుంబాలు సంతోషంగా ఉండాలని చేసిన వస్తువు ఒక ఇంటి నుంచి మనిషిని వెళ్లగొట్టింది. ఇంకో ఇంట్లో కూడా ఆ పనే చేస్తోంది, ఎవరూ గమనించకుండా. ఎందుకంటే ఆ పటం చూసిన రోజు నుంచి స్వరూప తన ఇంట్లోనే ఓరగా నడవడం మొదలుపెట్టింది. ముగ్గురూ నవ్వుకుంటుంటే హాల్లోకి పోయేది కాదు. పాలమూరు దగ్గరి గొర్రెల క్షేత్రంలో ఒక ఏడాది పని ఉంది, వస్తావా అని అక్కడివాళ్లు చాన్నాళ్లుగా అడుగుతున్నారు. ఇప్పుడు ఫోన్ చేసి వస్తానని మాటిచ్చింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ప్రయోగశాల వాళ్లు పెట్టబోతున్న కుక్కల ప్రదర్శన అయిపోయాక చెప్పాలని ఊరుకుంది.

ప్రదర్శన గురించి డైరెక్టర్ సారు ఊరంతా చాటించాడు. మీ ఇంటికి తగిన చిన్న కాపలా కుక్క, మీ కుటుంబాన్ని తెర మీద చూపించే కుక్క అని బ్యానర్లు కట్టించాడు. పటం చూపించవద్దని స్వరూప బతిమాలింది. పటం లేకపోతే ఊళ్లో కుక్కలకు కొదవా, ఎవరొస్తారని అతను కొట్టిపారేశాడు. ఆమె చేయగలిగింది ఒక్కటే చేసింది. మళ్లీ చిన్నకోడూరు వెళ్లి బాలవ్వను రమ్మంది. కొడుకును చూడటానికి రానన్న బాలవ్వ, సుక్క అన్నం తినడం లేదని వినగానే చెప్పులు తొడుక్కుంది.

మైదానం నిండా జనం. ఎండ మండిపోతున్నా పిల్లలు తండ్రుల భుజాలెక్కి చూస్తున్నారు. పెద్ద తెర కట్టారు, జనరేటర్ మోగుతోంది. అందరి కళ్లూ నల్లటి చిన్న కుక్కల మీదే. ఇంత చిన్నది గొర్రెలను తోలుతుందా అని ఒకరు, మా పిల్లోనికి ఇట్లాంటిదే కావాలని ఇంకొకరు. డైరెక్టర్ సారు కుటుంబాల వాళ్లను మైదానంలో చెల్లాచెదురుగా నిలబెట్టించాడు, కుక్క ఎంత దూరం నుంచి లెక్కపెడుతుందో చూపించడానికి. మైత్రి ఐసు బండి దగ్గర, సుదర్శన్ గేటు దగ్గర, అనసూయమ్మ కుర్చీల వరసలో. సత్తయ్య కుటుంబం కూడా అట్లాగే తలో వైపు. బాలవ్వను ఎవరూ ఎక్కడా నిలబెట్టలేదు, పటంలో లేదు కాబట్టి. ఆమె మజ్జిగ చలివేంద్రం పక్కన తనంతట తాను కూర్చుంది. స్వరూప తెర కింది బల్ల దగ్గర, జహంగీర్ పక్కన ఉంది. పట్టీలు పెట్టిన రెండు కుక్కల్ని వేదిక మీద కట్టేసి ఉంచారు.

అప్పుడు లేచింది గాలి దుమారం.

ఎండాకాలపు గాలి ఎంతసేపట్లో వస్తుందో ఆ ప్రాంతం వాళ్లకు తెలుసు. పడమటి వైపు ఆకాశం ఎర్రబడింది, అంతలోనే దుమ్ము మైదానం మీద పడింది. షామియానా గుంజలు ఊగాయి, ఒక గుడ్డ పటపటలాడి చిరిగి లేచిపోయింది. జనం తలో దిక్కుకు పరుగెత్తారు. కుర్చీలు దొర్లుతున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు, మైకులో డైరెక్టర్ సారు కంగారు పడవద్దని కంగారుగా అరుస్తున్నాడు. స్వరూప మైత్రి నిలబడ్డ వైపు చూసింది. ఐసు బండి బోర్లా పడి ఉంది. పిల్ల కనపడలేదు.

స్వరూప అటు పరుగెత్తబోయింది. ఎదురొచ్చిన జనం ఆమెను మళ్లీ బల్లకేసి నెట్టేశారు. వేదిక వైపు చూసింది. మిర్యం లేదు. తాడు కొరికేసి ఉంది. సుక్క కూడా లేదు.

ఆమె తెర వైపు తిరిగింది. దుమ్ములో తెర ఒక్కటే వెలుగుతోంది. ఒక సగంలో మిర్యం పటం, మూడు దీపాలూ నిప్పుకణికల్లా ఎర్రగా. దూరంగా ఉన్న ఒక దీపం కదిలింది. కొంచెం నడుమకు వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. తరవాత రెండోది. తరవాత మూడోది. మూడూ కలిసి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, తెర నడుమ ఏమీ లేని చోటికి వచ్చేస్తున్నాయి.

“మేడం, గక్కడ ఏం లేదు గదా, అందరినీ గక్కడికే తోల్తుందేంది?” అన్నాడు జహంగీర్. పట్టీ పూర్తిగా పాడైందని అతనికి అనిపించింది.

స్వరూప తల ఎత్తేసరికి దుమ్ములోంచి ముందు అనసూయమ్మ వచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుక్కను తిడుతూ. ఆమె వెనక సుదర్శన్, ఒక చేత్తో మైత్రిని పట్టుకుని. వాళ్ల మడమల వెనక మిర్యం, నాలుక బయటపెట్టి, ఇటు ఉరికి అటు ఉరికి, ఒక్కరినీ పక్కకు జరగనీయకుండా. ముగ్గుర్నీ తెచ్చి స్వరూప ముందు నిలబెట్టి, అప్పుడు కూర్చుంది. తెర మీద మూడు దీపాలూ ఎరుపు తగ్గి తెల్లబడ్డాయి.

స్వరూప మైత్రిని ఒళ్లంతా తడిమి చూసింది. దెబ్బలేమీ లేవు. అంతలో బల్ల మీదికి గుంజ ఒకటి ఒరుగుతుంటే దాన్ని పట్టుకోవడానికి నాలుగడుగులు పక్కకు పోయింది. జహంగీర్ ఒక్క కేక పెట్టాడు.

“మేడం, ఇంకొక్కసారి అటు నడువుండ్రి.”

ఆమె నడిచింది. వాళ్లు ముగ్గురూ ఉన్నచోటే ఉన్నారు. తెర మీద మాత్రం మూడు దీపాలూ ఒక పక్కకు జరిగాయి. ఆమె వెనక్కి వచ్చింది. దీపాలూ నడుమకు వచ్చాయి. ఇంట్లో దీపాలు జరగడం, పట్టీ వదులై ఉంటుందనుకోవడం, అప్పుడంతా తాను వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలోకి తిరుగుతూనే ఉండటం, అన్నీ స్వరూపకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

మైత్రి తెరను చూసింది, ఆమెను చూసింది, కుక్కను చూసింది.

“నడిమిట్ల ఉన్నది నువ్వే,” అంది. “మంద లెక్కల కాపరిని లెక్కవెడ్తరా ఎవలన్న?”

అంతే! ఇంత చదువు చదివి, కాపరి కడుపున పుట్టి, స్వరూపకు ఆ మాట తట్టలేదు. పొద్దుగూకేవేళ దొడ్డి తలుపు దగ్గర తండ్రి ఒక్కొక్క గొర్రె వీపు తాకుతూ లెక్కపెట్టడం ఆమె చిన్నప్పుడు రోజూ చూసింది. ఆ లెక్కలో తనను తాను ఏనాడూ కలుపుకోలేదు ఆయన. దొడ్డి ప్రయోగాల్లో స్వరూప ఎప్పుడూ కుక్క పక్కనే నిలబడేది. అందుకే తెర నడుమ ఉన్నది కుక్క అనుకున్నారు. అది ఎన్నడూ కుక్క కాదు. మందను ఎవరి దగ్గరికి చేర్చాలో ఆ మనిషి. కుక్క పటం మొత్తం ఆ మనిషి దగ్గర నిలబడి గీసిందే, కాబట్టి ఆ మనిషి అందులో కనపడదు. అప్పుడు గొర్రెల మధ్య మనిషి దీపం ఏదని ఎవరూ అడగలేదు. ఇంటికి వచ్చాక అందరూ మందే అనుకోవడం, అదీ వాళ్లు చేసిన తప్పు.

మరి కాపరి ఎవరో కుక్కకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆకలైనా, చొక్కా కనపడకపోయినా, జ్వరమొచ్చినా, కొట్లాట వచ్చినా ఆ ఇంట్లో అందరూ ఎటు తిరుగుతారో అది చూసింది. ‘అన్నం పెట్టు’, ‘జడ వెయ్యి’, ‘సంతకం పెట్టు’. పిలుపు లేకపోతేనేం, ఆ పిల్ల రోజూ వచ్చింది ఆమె దగ్గరికే.

స్వరూప తెర రెండో సగం వైపు చూసింది. సుక్క పటం. మూడు దీపాలు ఒక ఖాళీ చోటు చుట్టూ దగ్గరగా చేరి ఉన్నాయి, నాలుగోది ఉరుకులాటగా వస్తోంది. స్వరూప దుమ్ములో పడి మజ్జిగ చలివేంద్రం వైపు పరుగెత్తింది. బాలవ్వ కుండల మధ్య కూర్చుని ఉంది. కోడలు, మనవళ్లు ఆమె చుట్టూ నిలబడి ఉన్నారు, తామెందుకు అక్కడికి వచ్చారో తమకే తెలియనట్టు. సత్తయ్యను సుక్క ఇంకా వెనక నుంచి నెడుతూనే ఉంది.

స్వరూప ఊపిరాడకుండా విషయమంతా చెప్పింది. చెప్పింది ముక్కలు ముక్కలుగా, ముందుది వెనక వెనకది ముందు, అయినా బాలవ్వకు అర్థమైంది. కోడలికి ఇంకా ముందే అర్థమైంది. ఆమె వంగి, బాలవ్వ కాళ్ల మీది దుమ్ము కొంగుతో తుడిచింది. బాలవ్వ సుక్కను ఒళ్లోకి తీసుకుని, చలివేంద్రం మజ్జిగ దోసిట్లో పోసి తాగించింది. అన్ని రోజుల తరవాత అది తాగింది.

“దొంగదానా,” అంది బాలవ్వ, దాని చెవులు నిమురుతూ. “నన్ను కాపరి కొలువుల పెట్టుకొని మాట జెప్పవైతివి.”

గాలి పోయి నాలుగు చినుకులు పడ్డాయి. డైరెక్టర్ సారు చిరిగిన షామియానా కింద నిలబడి ఆనందంతో ఊగిపోయాడు. ఇక పట్టీ ఇంటి కాపరి ఎవరో కూడా చెప్తుందని బ్యానర్ మార్పిస్తానన్నాడు. స్వరూప కుదరదంది. రేపు ఇంకో ఇంట్లో పటం ఇంకేం చెప్తుందో, అది విని ఎవరు తాళం గూట్లో పెట్టి వెళ్లిపోతారో తనకు తెలియదంది. పట్టీ గొర్రెల దగ్గరే ఉంటుంది, ఇళ్లకు కుక్కలు మాత్రమే వెళ్తాయి. జహంగీర్ అప్పటికే మిర్యం మెడలోంచి పట్టీ విప్పి జేబులో వేసుకున్నాడు. పటం లేకపోతే ఎవరొస్తారని డైరెక్టర్ సారు అడుగుతుండగానే, తడుస్తూ నిలబడ్డ జనం కుక్కపిల్లలు ఎప్పుడిస్తారని ఆయన చుట్టూ మూగారు.

మర్నాడు పొద్దున స్వరూప సంచి భుజానికి వేసుకుని, ఎవర్నీ కదిలించకుండా ఇంట్లోంచి బయటపడింది. పాలమూరు వాళ్లకు మాటిచ్చింది గదా. ఫోన్లో కాదంటే బాగుండదు, వెళ్లి ముఖాముఖి రాలేనని చెప్పి రావాలి. ఇంటి వెనక రెండు సందులు దాటితే బస్టాండు. పాలమూరు పోవాలంటే ముందు ఎక్కాల్సిన హైదరాబాద్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె కిటికీ పక్క సీట్లో కూర్చుంది.

బస్టాండు గేటు దగ్గర ఏదో గొడవ వినపడింది. స్వరూప తొంగి చూసి నోరు తెరిచింది.

ముందు అనసూయమ్మ, చేతిలో చపాతీ కర్రతో. ఆమె వెనక సుదర్శన్, సగం గీసిన గడ్డంతో, నురగ చెవి దాకా ఉంది. వాళ్ల వెనక మైత్రి, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. అందరి వెనక మిర్యం. జనం పక్కకు జరిగి దారిచ్చారు. అది ముగ్గుర్నీ బస్సు మెట్ల దాకా తోలుకొచ్చి, అక్కడ కూర్చుని, స్వరూప వైపు చూసి తోక ఊపింది.

“నన్నే గొర్రెను జేసింది నీ కుక్క,” అంది అనసూయమ్మ రొప్పుతూ. “చెప్పకుండ ఏడికి పోతున్నవ్ బిడ్డా? పోతే పో, పొయ్యేముందు దీనికి చెప్పి పో.”

ఎక్కేది అందరా, ఒక్కరేనా అని కండక్టర్ అడిగాడు. మైత్రి కిటికీ కిందికి వచ్చి, మునికాళ్ల మీద లేచి, ఊచ పట్టుకుంది. ఏదో అనబోయి ఆగింది. ఇంకోసారి నోరు తెరిచింది.

“పిన్నీ,” అంది. “ఎప్పుడొస్తవ్?”

స్వరూప ఆ చేతి మీద చెయ్యి వేసింది. రేపు మాపటికల్లా వస్తానంది. ఆ మాట విన్నది మైత్రి ఒక్కతే కాదనుకుంటాను. బస్సు కదిలాక మిర్యం లేచి, ముగ్గురి మడమల్నీ ఒకసారి ముక్కుతో తాకి, ఇంటివైపు తోలుకుపోయింది.